బీపీకి మొదటి మాత్ర: కాల్షియం చానల్ బ్లాకర్ల చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో బీపీ బిళ్లల అట్ట ఇప్పుడు వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన ఉండే వస్తువు. ఆ అట్ట తిప్పి చూస్తే పేరు చివర చాలాసార్లు ‘డిపిన్’ అని కనిపిస్తుంది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్ అన్నీ కాల్షియం చానల్ బ్లాకర్లే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇంతమంది ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మందు గురించి తలా ఒక మాట వినిపిస్తోంది. ఒక డాక్టరు ఆమ్లోడిపిన్‌తో మొదలుపెడతారు, ఇంకొకరు టెల్మిసార్టాన్ రాస్తారు, మరొకరు మొదటి రోజే రెండూ కలిసిన బిళ్ల ఇస్తారు. కాళ్లు వాచాయంటే ఊళ్లో ఆర్‌ఎంపీ ఈ బిళ్ల ఆపేయమంటాడు. బీపీ మామూలుకు రాగానే ఇక మందెందుకని రోగే మానేస్తాడు. వీటిలో ఏవి నిజంగా వైద్యశాస్త్రంలో తేలని సంగతులు, ఏవి ఎప్పుడో తేలిపోయినా మన దాకా రానివి అన్నది విడదీసి చూడాల్సిన సమయమిది.

మందు చేసే పని

రక్తనాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. ఆ కండర కణాల్లోకి కాల్షియం వెళ్లినప్పుడల్లా అది బిగుసుకుంటుంది, నాళం ఇరుకవుతుంది, రక్తపోటు పెరుగుతుంది. కాల్షియం లోపలికి వెళ్లే దారుల్ని ఈ మందులు కొంతవరకు మూస్తాయి. నాళం వదులై పోటు తగ్గుతుంది. ఎముకల్లోని కాల్షియానికి దీనితో పని లేదు. పాలు మానక్కర్లేదు, మోకాళ్ల నొప్పులకని డాక్టరు రాసిన కాల్షియం బిళ్లలూ మామూలు మోతాదులో ఆపక్కర్లేదు.

ఈ మందుల్లో రెండు తెగలున్నాయి. ఆమ్లోడిపిన్ వంటి ‘డిపిన్’లు ప్రధానంగా రక్తనాళాల మీద పనిచేస్తాయి. వెరపామిల్, డిల్టియాజెం గుండె మీద కూడా పనిచేసి దాని వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే ఎటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ వాడుతున్నవారికి ఈ రెండో తెగ మందు తోడైతే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకునేవారు ముఖ్యంగా జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ఇక ఈ వ్యాసమంతా మొదటి తెగ గురించే, ఎందుకంటే బీపీకి ఎక్కువగా వాడేది దాన్నే.

ఫ్రైబర్గ్ నుంచి హైదరాబాద్ దాకా

గుండె కొట్టుకోవడానికి కాల్షియం అవసరమని 1883లోనే లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండె మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. ఆ కాల్షియానికి అడ్డుపడే మందులను గుర్తించింది మాత్రం 1960ల్లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పనిచేసిన ఆల్‌బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్. వెరపామిల్ ఎలా పనిచేస్తుందో తెలిసింది ఆయన పరిశోధనతోనే. 1975లో జర్మనీ మార్కెట్లోకి నిఫెడిపిన్ వచ్చింది. అమెరికాలో 1992లో అనుమతి పొందిన ఆమ్లోడిపిన్ ఆ తర్వాత మిగతా అన్నిటినీ దాటిపోయింది.

ఈ కథలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. ఆమ్లోడిపిన్‌ను మరో లవణ రూపంలో, మేలియేట్‌గా, అమెరికాలో అమ్మడానికి హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ప్రయత్నించింది. పేటెంటు ఉన్న ఫైజర్ కోర్టుకు వెళ్లింది. కింది కోర్టులో మన కంపెనీ గెలిచినా 2004లో అప్పీలు కోర్టు ఫైజర్ పక్షాన తీర్పు చెప్పింది. మన దేశంలో మాత్రం ఆ గొడవ లేదు. 2005 దాకా మన చట్టంలో మందు పదార్థానికి పేటెంటు లేనందువల్ల దేశీయ కంపెనీలన్నీ ఆమ్లోడిపిన్ తయారుచేశాయి, ధర నేలకు దిగింది. ఈ రోజు జన ఔషధి దుకాణంలో 5 మిల్లీగ్రాముల బిళ్ల చాలా చవకగా దొరుకుతుంది. కూలి డబ్బుతో మందు కొనే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు.

1995 భయం, 2002 జవాబు

ఈ మందుల పేరు ఒకప్పుడు గట్టిగా దెబ్బతింది. స్వల్ప వ్యవధి కాల్షియం చానల్ బ్లాకర్లు వాడినవారిలో గుండెపోట్లు ఎక్కువని 1995లో అమెరికాలో సేటీ బృందం ప్రకటించింది. అదే ఏడాది ఫర్‌బర్గ్ బృందం నిఫెడిపిన్ మోతాదు పెరిగేకొద్దీ మరణాలు పెరుగుతున్నాయని రాసింది. బీపీ విపరీతంగా పెరిగినప్పుడు నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికించి నాలుక కింద పెట్టించే పద్ధతి అప్పట్లో ప్రపంచమంతటా ఉండేది, మన దగ్గరా ఉండేది. పోటు ఒక్కసారిగా పడిపోయి మెదడుకు, గుండెకు రక్తం అందక జరిగిన అనర్థాలను గుదిగుచ్చి, ఈ పద్ధతి ఆపేయాలని 1996లో అమెరికా వైద్య పత్రిక జామాలో గ్రాస్‌మన్ బృందం రాసింది. ఆ మాట ఇప్పటికీ చెప్పాల్సిందే. ఒంట్లో వేరే ప్రమాద లక్షణమేదీ లేకుండా అంకె మాత్రమే 190 ఉందని నాలుక కింద మందు పెట్టించుకోకూడదు. గర్భిణికి బీపీ ప్రమాద స్థాయికి చేరినప్పుడు ఆసుపత్రిలో, పర్యవేక్షణలో నోటి ద్వారా మింగించే నిఫెడిపిన్ సంగతి వేరు. దానికి అంతర్జాతీయ ఆమోదం ఉంది.

నిందంతా నిలిచింది స్వల్ప వ్యవధి మందు మీద. ఆమ్లోడిపిన్ తీరు దానికి పూర్తిగా భిన్నం. మింగాక 6 నుంచి 12 గంటలకు గాని రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరదు. సగం మందు తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే స్థాయి కుదురుకోవడానికి వారం పైగా పడుతుంది. మూడు రోజులు వాడి పనిచేయలేదనడం అందుకే తప్పు. ఒక పూట మరిచిపోతే కొంప మునగకపోవడానికి కారణం కూడా ఇదే.

పెద్ద అధ్యయనాలు ఆ తర్వాత వరసగా వచ్చాయి. 1997 నాటి యూరప్ అధ్యయనం సిస్ట్-యూర్‌లో ఇదే కుటుంబానికి చెందిన నైట్రెండిపిన్‌తో మొదలుపెట్టిన చికిత్స వృద్ధుల్లో పక్షవాతాన్ని 42 శాతం తగ్గించింది. 2002లో ఆల్‌హాట్ అధ్యయనం ఫలితాలొచ్చాయి. 33 వేల మందికి పైగా క్లోర్తాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్‌లలో ఒకదానితో చికిత్స మొదలుపెట్టి చూస్తే, గుండెపోటు విషయంలో మూడింటికీ తేడా లేదు. గుండె వైఫల్యం మాత్రం మూత్రం ఎక్కువచేసే క్లోర్తాలిడోన్‌తో పోలిస్తే ఆమ్లోడిపిన్ గుంపులో 38 శాతం ఎక్కువగా వచ్చింది. 2005లో 19 వేల మందికి పైగా పాల్గొన్న యాస్కాట్‌లో ఎటెనొలాల్ దారికంటే ఆమ్లోడిపిన్ దారిలో పక్షవాతం 23 శాతం తగ్గింది, మరణాలూ తగ్గాయి. అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు.

ఇంత సాక్ష్యం తర్వాత ఆమ్లోడిపిన్ గుండెకు చేటు అన్న భయానికి ఆధారం లేదు. పక్షవాతం నుంచి కాపాడటంలో అది ముందు వరసలోనే ఉంది. గుండె వైఫల్యాన్ని ఆపడంలో మాత్రం వెనకబడింది.

నాలుగు వాదాలు

మొదటి వాదం డైయూరెటిక్‌ది, అంటే ఉప్పును, నీటిని మూత్రంలో పంపే మందుది. చవక, పాతది, ఆల్‌హాట్ దాని పక్షానే నిలిచింది. దాని బలహీనత రక్తంలో సోడియం, పొటాషియం తగ్గించడం. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాలి.

రెండో వాదం కాల్షియం చానల్ బ్లాకర్‌ది. మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష తప్పనిసరి కాదు, మూత్రపిండాల పనితీరుకు తగ్గట్టు మోతాదు మార్చక్కర్లేదు, బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్లకు టెల్మిసార్టాన్ వంటి సార్టాన్‌లతో ఉన్న గర్భస్థ శిశువు ప్రమాదం దీనితో లేదు. 2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమంలో చాలా రాష్ట్రాల చికిత్సా పట్టికలు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతోనే మొదలవుతాయి. నర్సులు, ఏఎన్‌ఎంలు నెలనెలా నడిపే పథకంలో పరీక్షల బెడద లేని మందే నడుస్తుంది.

మూడో వాదం మూత్రపిండాల వైద్యులది. మూత్రంలో ప్రొటీను పోతున్నవారికి టెల్మిసార్టాన్ వంటి సార్టాన్‌లు గాని, లిసినోప్రిల్ వంటి ‘ప్రిల్’లు గాని పునాదిగా ఉండాలంటారు. మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారి మీద జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో ఇర్బెసార్టాన్ ఆమ్లోడిపిన్ కంటే మెరుగ్గా కాపాడింది. ఈ రోగుల వరకు ఇందులో వివాదం లేదు. ఆమ్లోడిపిన్ వాళ్లకు తోడుమందే.

నాలుగో వాదం ఇటీవలిది: ఏది మొదట అన్న ప్రశ్నే వదిలేయండి, రెండు మందులు తక్కువ మోతాదుల్లో ఒకే బిళ్లగా మొదటి నుంచే ఇవ్వండి. 2008 నాటి అకాంప్లిష్ అధ్యయనంలో బెనజెప్రిల్‌కు తోడుగా హైడ్రోక్లోరోథయజైడ్ కంటే ఆమ్లోడిపిన్ మేలు చేసింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పై మూడు తరగతులనూ మొదటి వరసలో పెట్టి, కలిపిన బిళ్లకు మొగ్గు చూపింది. మన దేశంలోనే సుమారు రెండువేల మందితో జరిగిన టాప్‌స్పిన్ అధ్యయనంలో ఆమ్లోడిపిన్-పెరిండోప్రిల్, ఆమ్లోడిపిన్-ఇండపమైడ్, పెరిండోప్రిల్-ఇండపమైడ్ జోడీలు మూడూ దాదాపు సమానంగా పోటును తగ్గించాయి.

ఎటెనొలాల్‌ను మొదటి మందుగా సమర్థించేవారు ఇప్పుడు తక్కువ. బ్రిటన్ 2006లోనే బీటా బ్లాకర్లను మొదటి వరస నుంచి తీసేసింది. గుండెజబ్బో, గుండె దడో ఉంటే అవి కావాలి. అవేమీ లేని కూలీకి ఆమ్లోడిపిన్, ఎటెనొలాల్ కలిసిన బిళ్లతో చికిత్స మొదలుపెట్టడానికి బలమైన కారణం కనిపించదు.

ఎండ, ఉప్పు, నొప్పి బిళ్ల

విదేశీ అధ్యయనాలను మన నేల మీదికి తెచ్చినప్పుడు మూడు సంగతులు తూకాన్ని మారుస్తాయి.

ఒకటి ఎండ. ఏటా వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల పల్నాడులోనే ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిరప కోతలకు, కళ్లాల్లో కాయలు ఆరబోసే పనికి వెళ్లేవారు చెమట రూపంలోనే ఎంతో ఉప్పు, నీరు పోగొట్టుకుంటారు. వాళ్లకు డైయూరెటిక్ తోడైతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆమ్లోడిపిన్‌కు ఈ ఇబ్బంది తక్కువ.

రెండు ఉప్పు. ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన ఒక అధ్యయనంలో మనిషికి రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు పడుతున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. ఆవకాయ, పండుమిరప పచ్చడి, గోంగూర, ఊరమిరపకాయలు, ఉప్పుచేపలు ఉన్న పళ్లెంలో ఆ హద్దు నిలవడం కష్టం. ఉప్పు ఎక్కువ తినేవారిలో సార్టాన్‌లు, ప్రిల్‌లు ఒంటరిగా అంత బాగా పనిచేయవు. కాల్షియం చానల్ బ్లాకర్ల పని ఉప్పుతో పెద్దగా తగ్గదు. దీన్ని పచ్చడికి అనుమతిగా తీసుకోకూడదు. ఉప్పు తగ్గితే కొందరికి రెండో బిళ్ల అవసరమే రాదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, నొప్పి బిళ్ల. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడు బెడద పాతదే. కీళ్ల నొప్పులకు తోడు పత్తి తీతలో, మిరప కోతలో నడుము వంచి చేసే పని. చేతికందేది డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ల. ఈ జాతి బిళ్లలు బీపీని పెంచుతాయి, డైయూరెటిక్‌ల, సార్టాన్‌ల పనిని మందగింపజేస్తాయి. సార్టాన్, డైయూరెటిక్, నొప్పి బిళ్ల మూడూ ఒకే ఒంట్లో పడి, పైన ఎండదెబ్బ తగిలితే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. ఆమ్లోడిపిన్ పనికి నొప్పి బిళ్లల అడ్డు తక్కువే. అయితే చీటీ రాసే ప్రతి డాక్టరూ ‘నొప్పులకు ఏం వాడుతున్నారు’ అని అడగడం మందు ఎంపిక ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఈ మూడూ కలిపి చూస్తే, మూత్రంలో ప్రొటీను లేని, గుండె వైఫల్యం లేని మన రైతుకు, కూలీకి మొదటి మాత్రగా దీర్ఘ వ్యవధి కాల్షియం చానల్ బ్లాకర్ సరైన ఎంపికే. పోటు 160 దాటినవారికి దానికి టెల్మిసార్టాన్ జోడించి మొదలుపెట్టడం ఇంకా మేలు, ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించి.

కాళ్ల వాపు

ఈ మందును జనం మానేయడానికి వినిపించే పెద్ద కారణం ఇదే. అమెరికాలో మందుతో ఇచ్చే సమాచార పత్రం ప్రకారం 2.5 మిల్లీగ్రాములకు 1.8 శాతం మందిలో, 5కు 3 శాతంలో, 10కి 10.8 శాతంలో వాపు వచ్చింది. మగవారిలో 5.6 శాతం అయితే ఆడవారిలో 14.6. మిరపకాయలకు తొడాలు తీసే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నచోటు కదలరు. అలా కూర్చునేవారికి సాయంత్రానికి చీలమండలు ఇంకా ఉబ్బుతాయి.

ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. మందు రక్తం తెచ్చే సన్న నాళాలను వెడల్పు చేస్తుంది, తీసుకుపోయే సిరలను అంతగా చేయదు. తూము పెద్దగా ఎత్తి మురుగుకాలువను అలాగే వదిలేసిన చేలో నీరు నిలిచినట్టు, కాలి కండలో ద్రవం నిలుస్తుంది. అందువల్ల ఒంట్లో నీరు తీసే లాసిక్స్ వేసినా పెద్దగా దిగదు. అయినా ఎక్కువచోట్ల జరిగేది అదే. కెనడాలోని ఆంటారియోలో వృద్ధుల రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా ఈ మందులు మొదలుపెట్టినవారికి లాసిక్స్ తరహా మందు కూడా రాయడం మిగతావారికంటే ఎక్కువని తేలింది. మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు. మన ఎండల్లో ఆ రెండో మందు నీరసం, తిమ్మిర్లు, కళ్లు తిరగడం తెస్తుంది, దానికి సెలైన్ బాటిల్ ఎక్కిస్తారు.

మూత్రపిండాల జబ్బు మాట తరచు వినే కనిగిరి వైపు కాళ్లు వాచాయంటే ముందు కలిగేది కిడ్నీలు పోయాయన్న భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఒక కాలే వాచినా, పొద్దున లేవగానే మొహం ఉబ్బినా, మూత్రం తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అది బిళ్ల వాపు అనుకోకుండా వెంటనే పరీక్ష చేయించాలి. మందు మొదలుపెట్టాకో, మోతాదు పెంచాకో రెండు కాళ్లకూ సమానంగా వచ్చి, రాత్రి పడుకుంటే తగ్గే వాపు అయితే దారులు తేలికే: 10ని 5కు తగ్గించడం, టెల్మిసార్టాన్ తోడు చేయడం, లేదా మందు మార్చడం.

చీటీ మీది అక్షరాలు

స్టామ్లో, ఆమ్లాంగ్ పేర్లు వేరైనా లోపల ఉన్నది ఆమ్లోడిపినే. ఆసుపత్రి ఇచ్చిన అట్ట ఒకటి, దుకాణంలో కొన్నది ఒకటి, రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. పేరు పక్కన ‘ఏఎం’ ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసిందని, ‘హెచ్’ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని అర్థం. స్టామ్లో బీటాలో ఎటెనొలాల్ కూడా ఉంది. పొద్దున వేసుకోవాలా రాత్రా అన్న తగువు కూడా తీరిపోయింది. 2022లో బ్రిటన్‌లో 21 వేల మందితో ముగిసిన టైమ్ అధ్యయనం తేడా లేదంది. గుర్తుండే వేళే మంచి వేళ. చిన్నపిల్లల చేతికి మాత్రం ఈ అట్ట అందకూడదు. ఒకటి రెండు బిళ్లలు మింగినా వాళ్లకు ప్రాణాపాయమే.

ఇంకా తేలనివి

కాళ్ల వాపు తక్కువని సిల్నిడిపిన్ మన దేశంలో బాగా రాస్తున్నారు. వాపు తక్కువన్నది నిజమే, మూత్రంలో ప్రొటీను తగ్గిస్తుందని జపాన్ అధ్యయనాలూ ఉన్నాయి. కాని పక్షవాతాన్ని, గుండెపోటును ఆపడంలో ఆమ్లోడిపిన్‌కు ఉన్నంత సాక్ష్యం దానికి లేదు, ధరా ఎక్కువే. వాపు తట్టుకోలేనివారికి సరే, అందరికీ మొదటి మందుగా దాన్ని ఒప్పుకోవడం తొందరపాటు.

పోటు ఎంతకు దించాలన్నదీ తెగలేదు. మన కార్యక్రమం 140/90 లోపు అంటుంది. 2015 నాటి స్ప్రింట్ అధ్యయనం తర్వాత అమెరికా 130 అంది, 2024లో యూరప్ ఇంకా కిందికి వెళ్లింది. ఈ అంకెలు మే నెల ఎండలో పొలంలో నిలబడే మనిషిని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి కావు. ఎండాకాలంలో పోటు సహజంగానే కొంత దిగుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. వేసవిలో మోతాదు తగ్గించాలా అన్నదానికి సూటిగా జవాబిచ్చే మార్గదర్శకం కొరవడింది. అప్పటిదాకా రోగి సొంతంగా ఆపేయడం కంటే ఏప్రిల్‌లో ఒకసారి బీపీ చూపించుకుని డాక్టరుతో మాట్లాడటమే ఉన్న దారి.

మందు అందడమే ఇంకా పెద్ద ప్రశ్న. 2008లో మొదలైన 104 వాహనాలు నెలకోసారి ఊరికి బీపీ, షుగరు బిళ్లలు చేర్చాయి. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. అయితే ఈ ఏర్పాట్లన్నీ మనిషి తన ఊళ్లోనే ఉంటాడన్న లెక్క మీద నడుస్తాయి. ఆదోని, కోసిగి వైపు నుంచి పత్తి తీతకు, మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే వచ్చి నెలల తరబడి ఈ చేలల్లో ఉంటాయి. వాళ్ల బిళ్లలు సొంత ఊరి కేంద్రంలో ఉంటాయి, వాళ్లు గుడారాల్లో ఉంటారు. వలస వెళ్లేవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి, ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలోనైనా చీటీ చూపిస్తే మందు ఇవ్వాలి. దీనికి కొత్త అధ్యయనమేదీ అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారులు కోతలు మొదలయ్యేలోపు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

బిళ్ల వేసుకునేవారికి చెప్పేది ఒకటే. కాళ్లు వాచినా, బీపీ మామూలుకు వచ్చినా మందు మీ అంతట మీరు ఆపకండి. వాడుతున్న అట్టలన్నీ, నొప్పి బిళ్లలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి.